కాటుక రేకుల పొడను లోకానికి చూపిన డాక్టరు – పాట్రిక్ రస్సెల్ జీవితం



కాటన్ దొర పేరు తెలియని వారు కృష్ణా, గోదావరి డెల్టాలలో ఉండరు. మన బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టింది 1852–55 మధ్య. ఆ నీటితో వరి వచ్చింది. వరితో ఎలుక వచ్చింది. ఎలుక వెనకాలే పాము వచ్చింది. అన్నం పెట్టే పొలం గట్టు మీదే ప్రాణభయం కూడా కాపురం ఉంటుందని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆనకట్టకు డెబ్బై యేళ్ళకు ముందే మన తెలుగు గడ్డ మీద కూర్చుని, పాములలో ఏది విషజంతువు, ఏది కాదు, కాటుకు ఏ మందు పనిచేస్తుంది, ఏది చేయదు అని శ్రద్ధగా పరిశీలించి గ్రంథస్థం చేసిన విదేశీ వైద్యుడొకరు ఉన్నారు. ఆయన పేరు డాక్టర్ పాట్రిక్ రస్సెల్. ప్రపంచమంతటా వైద్య గ్రంథాలలో రక్తపింజరిని ‘రస్సెల్స్ వైపర్’ అంటారు. ఆ రస్సెల్ ఈయనే. పేరు ఇంత ప్రసిద్ధమైనా ఆయన పని చేసింది మన విశాఖపట్నంలో అని, ఆయన పుస్తకంలోని పాములకు తెలుగు పేర్లు ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

బాల్యం, అలెప్పో ఉద్యోగం

రస్సెల్ 1726–27 ప్రాంతంలో స్కాట్లండు దేశంలోని ఎడింబరో నగరంలో జన్మించారు. తండ్రి న్యాయవాద వృత్తిలో ఉన్నవారు. పాట్రిక్ వైద్యవిద్య అభ్యసించి, 1750లో సిరియా దేశంలోని అలెప్పో పట్టణానికి వెళ్ళారు. అక్కడ వ్యాపారం చేసుకునే ఇంగ్లీషు కంపెనీకి ఆయన సవతి అన్నగారు అలెగ్జాండర్ రస్సెల్ వైద్యులుగా ఉండేవారు. అన్నగారు స్వదేశానికి వెళ్ళిన తరువాత 1753లో ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది.

అలెప్పోలో ఆయన దాదాపు ఇరవై సంవత్సరాలు పనిచేశారు. 1760 నుండి 1762 వరకు ఆ పట్టణంలో ప్లేగు విజృంభించింది. డబ్బూ దస్కం ఉన్నవారు ఊళ్ళు వదిలి వెళ్ళే సమయంలో ఆయన అక్కడే ఉండి రోగం నడకను గమనించి వివరాలు రాసుకున్నారు. ఆ రాతలే చాలాకాలం తరువాత 1791లో ప్లేగు వ్యాధి మీద పెద్ద గ్రంథంగా వెలువడ్డాయి.

అక్కడ ఉన్నప్పుడే ఆయనకు మరొక విషయం తెలిసింది. ఆ ప్రాంతపు అరబ్బు స్త్రీలు మశూచి పొక్కు రసిని ఆరోగ్యవంతులైన పిల్లల చర్మంలోకి సూదితో ఎక్కించి, పెద్ద మశూచి రాకుండా కాపాడుకునేవారు. చదువురాని వాళ్ళ పని అని ఆయన కొట్టిపారేయలేదు. వివరాలు అడిగి తెలుసుకుని, 1768లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురింపజేశారు. స్థానికులు చెప్పింది వినడం, విన్నదాన్ని పరీక్షించడం, తేలినదాన్ని రాసి పెట్టడం ఆయన జీవితమంతా సాగించిన పద్ధతి.

1772లో ఇంగ్లండుకు తిరిగి వచ్చి లండన్‌లో వైద్యం చేసుకుంటూ, 1777లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

విశాఖపట్నం రాక

ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీలో ఉన్నతోద్యోగి. విశాఖపట్నం వ్యవహారాలకు అధిపతిగా ఆయనను నియమించారు. తమ్ముడికి ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో, తోడుగా ఉండడానికి పాట్రిక్ కూడా 1781–82లో విశాఖకు తరలివచ్చారు. అప్పటికి ఆయన వయస్సు యాభై అయిదు దాటింది. మన సర్వీసు లెక్కలో చెప్పాలంటే రిటైర్‌మెంటుకు దగ్గరపడిన వయస్సు. ఆ వయస్సులో కొత్త దేశం, కొత్త భాష, కొత్త జంతువులు. ఆయనకు పేరు తెచ్చిన పని మొదలైంది అప్పుడే. విశ్రాంత జీవితం గడుపుతున్న మనం గమనించదగిన సంగతి ఇది.

ఆ రోజులలో కంపెనీ తరఫున మొక్కలు, జంతువుల పరిశీలకునిగా కోనిగ్ అనే పండితుడు ఉండేవారు. ఆయన స్వీడన్ దేశపు ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు లినేయస్ శిష్యులు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కోనిగ్ మరణించగా, ఆ పదవి రస్సెల్‌కు ఇచ్చారు. ఉపయోగపడే మొక్కలన్నిటినీ బొమ్మలతో, స్థానికుల పేర్లతో, వారు వాటిని దేనికి వాడతారో ఆ వివరాలతో సహా ఒక గ్రంథంగా తేవాలని ఆయన మద్రాసు ప్రభుత్వానికి ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన ఫలితమే తరువాత సామర్లకోటలో ఉన్న డాక్టర్ విలియం రాక్స్‌బరో చేతుల మీదుగా 1795 నుండి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం. అందులోని 300 బొమ్మలు మన దేశపు చిత్రకారులు వేసినవి. దాని మొదటి సంపుటానికి ముందుమాట రాసింది రస్సెలే.

మూలికల విషయంలో ఆయన చూపు ఎటువంటిదో తెలియడానికి వెదురుప్పు ఒక్కటి చాలు. దీనినే మన వైద్యులు వంశలోచనమని దగ్గు, ఆయాసం మందులలో వాడతారు. ఇది వెదురు గణుపులలో ఎలా పుడుతుందని రస్సెల్ విశాఖలో పచ్చి వెదుళ్ళు తెప్పించి, చీల్చి, లోపలి ద్రవం గట్టిపడే విధానాన్ని పరిశీలించారు. 1790లో రాయల్ సొసైటీకి నివేదిక సమర్పించారు. మరుసటి సంవత్సరం ఒక రసాయన శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, ప్రధానంగా ఇసుకలో ఉండే సిలికా పదార్థమే అని తేల్చారు. తరువాతి కాలంలో అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ స్థాపనకు తన ఆస్తిని వదిలిన స్మిత్సన్ ఆయనే.

పాముల పరిశోధన

ఇక అసలు విషయానికి వస్తాను. ఏటా వానలు పడగానే పాముకాట్లు. కంపెనీ సిపాయిలు, కూలీలు, రైతులు చనిపోతుండేవారు. కాటు వేసిన పాము ఏమిటో డాక్టర్లకు తెలియదు. ఒక్కొక్కరు ఒక్కొక్క మందు గొప్పదని చెప్పేవారు. ఆ రోజులలో మద్రాసు ప్రాంతమంతటా పేరు మోసిన మందు తంజావూరు మాత్ర. అందులో పాషాణం ముఖ్యమైన దినుసు, పాదరసం కూడా కలిసేది.

రస్సెల్ మొదట అడిగిన ప్రశ్న సామాన్యమైనది. కరిచింది విషపు పామా, కాదా తెలియకుండా మందు పనిచేసిందని ఎలా చెప్పగలం? మన పల్లెల్లో తిరిగే పాములలో ఎక్కువ వాటికి విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టు కరిచినా మనిషి బ్రతుకుతాడు. విషపు పాము కరిచినా ఒక్కొక్కసారి కోరలు సరిగా దిగవు, విషం ఎక్కదు. ఇలా బ్రతికిన ప్రతివాడూ వేసుకున్న మందుకో, పెట్టించుకున్న మంత్రానికో పేరు తెచ్చిపెడతాడు. చనిపోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, జమ పద్దు మాత్రమే రాసి ఖర్చు పద్దు రాయని చిట్టా వంటిది ఇది.

అందుకని ఆయన స్థానికులు పట్టి తెచ్చిన పాములను వరుసగా పరిశీలించారు. నోరు తెరిచి పళ్ళ అమరిక చూశారు. పైదవడ ముందు భాగంలో ఉండే పెద్ద కోరలే విషపు పాముకు గుర్తు అని, రంగును బట్టి, పొడవును బట్టి చెప్పడం ప్రమాదమని వివరించారు. పొట్టకింద, తోక కింద ఉండే పలకలను లెక్కపెట్టి నమోదు చేశారు. కోళ్ళను, కుక్కలను పాముల చేత కరిపించి, ఎంతసేపటికి ఏ లక్షణం కనబడిందో రాసుకున్నారు. కరిచిన జంతువులకు ప్రసిద్ధమైన మందులు ఇచ్చి చూశారు. తంజావూరు మాత్ర కచ్చితంగా ప్రాణం నిలుపుతుందనడానికి ఆయనకు ఆధారం దొరకలేదు. మూగజీవాల మీద ఇటువంటి పరీక్షలు ఈ రోజుల్లో మనసుకు కష్టంగా తోచవచ్చు. కాని మనుషుల మీద గుడ్డిగా పాషాణం ప్రయోగిస్తున్న కాలంలో ఆయన చేసిన పని అది.

1787లో విషపు పాములను గుర్తించే విధానం మీద ఆయన తయారుచేసిన వివరణను మద్రాసు ప్రభుత్వం అచ్చువేయించి తన వైద్యులకు పంపింది. ఎక్కడెక్కడ కాటు జరిగిందో, ఏ పామో, ఏ మందు ఇచ్చారో, ఏమైందో రాసి పంపమని కోరడం ఆ ప్రయత్నంలో భాగం.

తెలుగు పేర్లకు దక్కిన గౌరవం

ఆయన ముందుకు వచ్చిన పాములలో ఒకటి బలిసిన శరీరం, త్రికోణపు తల, వీపు మీద మూడు వరుసల ముదురు మచ్చలు గలది. ఒక్కొక్క మచ్చ చుట్టూ కాటుకతో దిద్దినట్టు నల్లని అంచు ఉంటుంది. విశాఖ ప్రాంతం వారు దానిని ‘కాటుక రేకుల పొడ’ అనేవారు. ఎంత ముచ్చటైన పేరో చూడండి! పేరులోనే పాము ఆనవాలు మొత్తం ఉంది. నాగుపాము తరువాత అంతటి ప్రమాదకారి ఇదేనని రస్సెల్ నిర్ణయించారు. అప్పటివరకు యూరోపియన్లకు దాని సంగతి సరిగా తెలియదు. ఆయన తన పుస్తకంలో ఆ తెలుగు పేరునే ఇంగ్లీషు అక్షరాలలో రాశారు. 1797లో జార్జి షా అనే శాస్త్రజ్ఞుడు ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టారు. మనం రక్తపింజరి అంటున్నది దానినే.

మరొకటి ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలు గల పాము. మనవారు ‘బంగారం పాము’ అన్నారు, ఆయన అలాగే రాసుకున్నారు. ఆ తెలుగు మాట నుండే కట్లపాముల జాతి మొత్తానికి శాస్త్రంలో ‘బంగారస్’ అని పేరు స్థిరపడింది. నేడు జపానులోనైనా, జర్మనీలోనైనా కట్లపాము గురించి రాసే ప్రతి శాస్త్రజ్ఞుడు తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతున్నాడన్న మాట!

రస్సెల్ 1789లో మన దేశం విడిచి వెళ్ళారు. ఆయన తరువాత ఆ పదవి రాక్స్‌బరోకు వచ్చింది. లండన్ చేరాక కోరమాండల్ తీరపు పాముల మీద గ్రంథం మొదటి భాగం 1796లో కంపెనీ ఖర్చుతో వెలువడింది. రెండవ భాగం 1801 నుండి విడతలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో మరొక గ్రంథం తెచ్చారు. 1804లో, దాదాపు డెబ్బై ఎనిమిదేళ్ళ వయస్సులో, నాగుపాము పడగ ఎలా విప్పుతుందో వివరిస్తూ వ్యాసం సమర్పించారు. మెడలోని పొడవైన పక్కటెముకలు పక్కలకు లేవడం వల్ల చర్మం విప్పారుతుందని శరీరకోతలో తేలింది. ఆయన వివాహం చేసుకోలేదు. 1805 జులై 2న లండన్‌లో కన్నుమూశారు. పాముల గ్రంథం చివరి విడతలు ఆయన మరణానంతరం 1809 వరకు వెలువడ్డాయి.

ఆయన తరువాత

కాటుకు మందు కనిపెట్టడం రస్సెల్ వల్ల కాలేదు. ఆ పని ఆయన పోయిన తొంభై యేళ్ళకు ఫ్రాన్సు దేశంలో జరిగింది. 1894లో అక్కడి శాస్త్రజ్ఞులు జంతువులకు కొద్దికొద్దిగా విషం ఇచ్చి, వాటి రక్తం నుండి విరుగుడు సీరం తీశారు. వారిలో ఆల్బర్ట్ కాల్మెట్ ముఖ్యులు. ఈనాటికీ పద్ధతి అదే. గుర్రాలకు విషం స్వల్ప మోతాదులలో ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను శుద్ధిచేసి ఇంజక్షన్‌గా ఇస్తారు. మన దేశంలో వాడేది నాలుగు పాముల విషానికి విరుగుడు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఆ విషంలో ఎక్కువ భాగం 1978లో చెన్నై దగ్గర ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం వారు సేకరిస్తున్నారు. ఏ పాముకు ఏ విరుగుడో తెలియాలంటే ముందు పాములను వేరుచేసి గుర్తించాలి కదా! ఆ మొదటి మెట్టు కట్టింది రస్సెల్.

మరి మూలికల సంగతేమిటని మీరు అడుగుతారు. మన సంఘ సభ్యులలో ఆకు వైద్యం మీద నమ్మకం గలవారు చాలామంది ఉన్నారు. ఈశ్వరి, నేలవేము, సుగంధిపాల, సర్పగంధ, దూలగొండి ఇవన్నీ పాముకాటుకు పల్లెల్లో వాడినవే. వీటి మీద శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేస్తున్నారు. తేలినదేమిటంటే, పింజరి జాతుల విషంలో ఒక ఎంజైము ఉంది. అది ఒంట్లోని ఎమైనో ఆమ్లాల మీద పనిచేసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. గాయాలు కడగడానికి వాడే ఆ ద్రవమే కణాల లోపల పుడితే కణాలను కాలుస్తుంది. విషానికి తరచు కనిపించే పసుపు రంగు కూడా ఈ ఎంజైము వల్లనే. ఇటువంటి దహనాన్ని అడ్డుకునే పదార్థాలను యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఉసిరి, పసుపు, సుగంధిపాల వేరు వంటి వాటిలో ఇవి ఉన్నాయి. కొన్ని మూలికల సారం పరీక్ష నాళికలలో, ఎలుకలలో విషం తీవ్రతను కొంత తగ్గించింది. దూలగొండి గింజల సారం ముందుగా ఇచ్చిన ఎలుకలు చిన్న పింజరి విషాన్ని కొంతవరకు తట్టుకున్నాయి.

అయితే ఇక్కడ రస్సెల్ అడిగిన ప్రశ్ననే మనమూ అడగాలి. మనిషిని బ్రతికించిందా? ఏ మూలిక అయినా కాటు తిన్న మనిషిని విరుగుడు ఇంజక్షన్ అవసరం లేకుండా బ్రతికిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. పైగా ఈశ్వరి వేరులో ఉండే ఒక ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందని, క్యాన్సరు కలిగిస్తుందని నిర్ధారణ అయింది. రక్తపింజరి విషం ఎలాగూ మూత్రపిండాల మీదే దెబ్బ కొడుతుంది. దాని మీద ఈ వేరు కూడా ఇస్తే మిత్రుడి చేత శత్రువుకు కత్తి అందించినట్టే. ఉసిరికాయ పచ్చడి రోజూ తినండి, ఒంటికి మంచిది. కాటు పడిన నాడు మాత్రం ఆకు కోసం వెతకవద్దు.

మన డెల్టా సంగతి

నేను రెవెన్యూ శాఖలో గుమస్తాగా ఉన్న రోజులలో పాముకాటు మృతుల కుటుంబాల అర్జీలు నా బల్ల మీదకు వచ్చేవి. జులై, ఆగస్టు నెలలలో ఎక్కువ. కలుపుకు వెళ్ళిన ఆడవారు, రాత్రి పూట నీరు పెట్టడానికి వెళ్ళిన రైతులు. మరణ కారణం అనే గడిలో రెండు ముక్కలు రాసి ఉండేవి. కాటుకు, ఆసుపత్రికి మధ్య ఎన్ని గంటలు పోయాయో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. ప్రాణం పోయేది మాత్రం ఆ గంటలలోనే.

2018 వర్షాకాలంలో దివిసీమలో కాట్లు బాగా పెరిగి వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఆగస్టులో దేవాదాయ శాఖ వారు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి వారి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే సంప్రదాయం మనది. భక్తి భక్తిదే, ఇంజక్షన్ ఇంజక్షనే. రెండింటికీ తగవు లేదు. స్వామికి దణ్ణం ఆసుపత్రి దారిలో కూడా పెట్టుకోవచ్చు.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు పన్నెండు లక్షల మంది మరణించారని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలు గల రాష్ట్రాలలో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. 2024లో మన కేంద్ర ప్రభుత్వం కూడా అదే లక్ష్యంతో కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది.

ఇది పల్లెటూళ్ళ సమస్య అని పట్నవాసులు అనుకోరాదు. మా ఆటోనగర్‌లో పాత టైర్ల గుట్టలు, తుక్కు ఇనుము, లారీల కింద చెత్త ఉన్నచోట ఎలుకలు ఉంటాయి. ఎలుక ఉన్నచోటికి పాము తానే వస్తుంది. కాబట్టి కొన్ని జాగ్రత్తలు ఇంట్లో అందరికీ చదివి వినిపించమని కోరుతున్నాను.

ఇంటి చుట్టూ తుక్కు, కట్టెల మోపులు, ధాన్యపు గింజలు పడి ఉండకుండా చూసుకోవాలి. చీకట్లో టార్చి లేకుండా నడవవద్దు. పొలంలో బూట్లు, చేతికర్ర మంచివి. కటిక నేల మీద పడుకోవద్దు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుంటే దోమా రాదు, కట్లపామూ రాదు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే గాటు లేకపోయినా అనుమానించాలి.

కాటు పడితే గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయాలి. కాలో చెయ్యో కదలకుండా విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చేయాలి. పామును చంపడానికి వెంటపడితే రెండో కాటు తప్పదు. ఆసుపత్రిలో రక్తం గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజరి విషం ఎక్కిందని గ్రహించి విరుగుడు మొదలుపెడతారు. ఆ ఇరవై నిమిషాలు డాక్టరును తొందరపెట్టవద్దు.

చివరగా ఒక విశేషం. రక్తాన్ని పాడుచేసే కాటుక రేకుల పొడ విషమే అతి స్వల్ప మోతాదులో నేడు ప్రయోగశాలలకు ఉపయోగపడుతోంది. రక్తం అకారణంగా గడ్డకట్టే కొన్ని జబ్బులను, గర్భస్రావాలకు దారితీసే ఒక దోషాన్ని గుర్తించడానికి చేసే పరీక్షలో దీనిని వాడతారు. ఆ పరీక్ష పేరులోనూ రస్సెల్ పేరు ఉంది.

యాభై అయిదు దాటాక పరాయి దేశం వచ్చి, మన భాషలోని పేర్లను పోగొట్టకుండా, తెలిసినది తెలిసినంతే రాసి, పనిచేయని మందును పనిచేయదని చెప్పిన ఆ వైద్యునికి మన సంఘం తరఫున నివాళి అర్పిస్తున్నాను. ఆయన సంపాదించిన జ్ఞానం మన పిల్లలకు, పొలం వెళ్ళే బంధువులకు అందించడం పెద్దవారమైన మన బాధ్యత.

– విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, ఆటోనగర్, విజయవాడ